సామి రాలేదు, పొన్నీ

తమిళనాడు కంబైనల్లూరులో చింతపండు గింజలు తీసే ఆడవాళ్లలో వేదవల్లి చెయ్యి వేగం. నోరు అంతకన్నా వేగం. అలాంటి మనిషి ఇంటిదేవతకు పొంగలి పెట్టిన రోజు, పంబ మోగుతుండగా కళ్లు తేలేసి కూలిపోయింది. ఎవరూ లేవదీయలేదు. సామి ఒంటిమీదికి వచ్చిందన్నారు. సామి వచ్చిన మనిషిని వాళ్లలో తాకరు. పసుపునీళ్లు చల్లి, తెలివొచ్చాక చెప్పే మాట కోసం చేతులు జోడించి నిలబడతారు.

ఆమె కళ్లు తెరిచేసరికి తోడికోడలు పొన్ని కాళ్ల దగ్గరుంది.

"తల్లీ, నా కడుపు పండుతాదా?"

వేదవల్లికి తల దిమ్మెక్కిపోయి ఉంది. అందరి చూపూ తన మీదే. ఎన్నడూ తల వంచని మొగుడు గోపాలసామి కూడా వంగి దణ్ణం పెడుతున్నాడు.

"పుడతాడు పో," అనేసింది.

ఆ మాట పట్టుకుని పొన్ని, పిల్లల కోసం తిరుగుతున్న ధర్మపురి ఆస్పత్రికి పోవడం మానేసింది, మాత్రలు పక్కన పడేసింది. వేదవల్లి చూస్తూనే ఉంది. ఒద్దనలేదు. ఇంట్లో మొదటి ముద్ద ఇప్పుడు తనకే వడ్డిస్తున్నారు.

రెండోసారి చింతపండు రాశి మీదే పడింది. అక్కడ పంబా లేదు, పసుపూ లేదు. తోటివాళ్లు ఆటోలో ధర్మపురి ఆస్పత్రికి చేర్చారు.

డాక్టరు ఈసీజీ చూసి తమిళంలో విడమరిచి చెప్పాడు. గుండె పైగదిలో చిన్న విద్యుత్ సంకేతం పుడుతుంది. పైగదులు ముడుచుకున్నాక, అది క్షణం నిదానించి కిందికి దిగితేనే కిందిగదులు ముడుచుకుని ఒంటికి రక్తం తోస్తాయి. ఈమెకు ఆ సంకేతం దారిలోనే ఆగిపోతోంది. గుండె మరీ నెమ్మదించి, మెదడుకు రక్తం చాలక స్పృహ తప్పుతోంది. భుజం దగ్గర చర్మం కింద పేస్‌మేకర్ పెడితే, కావలసినప్పుడు అది సంకేతం అందిస్తుంది.

"ఇంతకు ముందు పడినారా?" అని అడిగాడు.

"అది వేరే సార్, అప్పుడు సామి," అన్నాడు గోపాలసామి.

వేదవల్లి ముంగొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

పేస్‌మేకర్ పెట్టిన మర్నాడు పొన్ని రాగిగంజి తెచ్చింది.

"ఏమక్కా, సామి ఉండే ఒంటిని కోయనిచ్చినావే? కోపం రాదా ఆ తల్లికి?"

"సామి రాలేదు పొన్నీ. అప్పుడూ ఈ జబ్బే."

"మరి బిడ్డ పుడతాడంటివే?"

"నోటికొచ్చింది అన్నాను. మీరంతా మొక్కతా ఉంటే బాగుండింది నాకు. నువ్వు మాత్రలు మానింది తెలిసీ చెప్పలేదు."

పొన్ని గంజి కలుపుతూ అడిగింది.

"నాకు వయసు ఆగతాదా అక్కా, నీ ముచ్చట తీరేదాకా?"

గిన్నె ఆమె చేతికిచ్చి, ముఖం చూడకుండా "తాగు, చల్లారిపోతాది" అంది. కింది అంతస్తులో పిల్లల కోసం వచ్చే ఆడవాళ్ల వరసలో నిలబడడానికి వెళ్లిపోయింది.

 ఆ తర్వాత బతికినన్నాళ్లూ వేదవల్లి పూజనాడు సామి ముందుకు రాక పొయ్యి దగ్గరే కూర్చునేది. పొన్ని తన ముందునుంచి నడిచిపోతే తల దించుకునేది. పొన్నికి బిడ్డ పుట్టలేదు.