డ్రమ్ములో పొనగంటి

"డ్రమ్ముల నీళ్ళు తగ్గినయేమో, జర సూడే."

"సూస్తలే. నువ్వు జరసేపు కండ్లు మూసుకో."

నా పెనిమిటికీ నాకూ నడుమ ఇవే ఆఖరి మాటలు. మేడ ఎక్కి నీళ్ళు పోసి దిగేసరికి ఆయన లేడు.

డ్రమ్ములో ఉన్నది పొనగంటి కూర. బడంగ్‌పేట్ దిక్కు ఆటో తోలే రోజుల్లో ఒక చెరువు అంచున జానెడు కాడ తెంపుకొచ్చాడు. నీలం డ్రమ్మును సగానికి కోసి, అడుగున ఒండ్రు వేసి, నిండా నీళ్ళు పోసి అందులో వదిలాడు. ఎల్బీనగర్‌లో మా కిరాయి ఇంటి మేడ మీద అది నీళ్ళపై పాములా పాకింది. కాడ లావు, లోపలంతా బోలు. కొమ్మలు తక్కువ, పొడవు ఎక్కువ. అంచు దాటి కిందికి వేలాడేది.

ఈ ఎండాకాలం కాలు విరిగి వనస్థలిపురంలో కూతురి ఇంట్లో ఉన్నాను. వానలు పడ్డాక తిరిగొచ్చి చూస్తే డ్రమ్ములో నీళ్ళు లేవు, మన్నుంది. అందులో పొట్టి మొక్కలు గుబురుగా, నిటారుగా నిలబడి ఉన్నాయి. కాడలు సన్నం, గట్టి, ఎర్రజీర. ఆకు మొదట్లో తెల్ల పూలు.

కోడలిని పిలిచాను.

"ఇదేంది?"

"పొనగంటే కద అత్తమ్మా."

"గది నాకు తెల్వదా? మీ మామ పెట్టింది ఏడబోయింది?"

"గదే గిది. దోమలైతున్నయని కిందింటోళ్ళు లొల్లి వెట్టిన్రు. నీళ్ళు పారబోసి మన్ను నింపిన."

"పాకేది నిలవడ్తదా?"

"గది నన్నడిగి నిలవడ్డదా?"

జవాబు తడుముకోకుండా వచ్చింది. అక్కడే నాకు అనుమానం. దిల్‌సుఖ్‌నగర్ మార్కెట్లో కట్ట కొని, ఆకు దూసి వండుకొని, మిగిలిన పుల్లలు తడి మన్నులో గుచ్చితే చిగురిస్తాయి. మా దిక్కు ఆడవాళ్ళందరం చేసే పనే. కోడలు ఆయన తీగను ఎండబెట్టి, పుల్లలు గుచ్చి నా కళ్ళు కప్పిందనుకున్నాను.

పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి పెట్టే పెత్రమాస దగ్గర పడింది. ఆయన పెంచిన కూరే ఆయనకు పెట్టాలని నా పట్టు. మార్కెట్ కూరకు బతికున్నప్పుడే వంకలు పెట్టేవాడు, ఇప్పుడు ముడతాడా?

ఒక కాడ తుంచి, పాత బకెట్లో నీళ్ళు పోసి, ట్యాంకు వెనక దాచాను. అది సాగి, లావెక్కి, గణుపు గణుపుకూ తెల్ల వేళ్ళు వేసి నీళ్ళ మీద పడుకుంది. సంతోషపడబోయి ఆగాను. మార్కెట్ పుల్ల తెచ్చి పక్కన వేస్తే అదీ అట్లాగే పాకింది. నీళ్ళుంటే పాకుతుంది, మన్నుంటే నిలబడుతుంది. రూపం చూసి ఎవరిదో చెప్పలేం.

"ట్యాంకెనుక బకెట్లకు దోమలు రావా అత్తమ్మా?" అంది కోడలు. దానికి అన్నీ తెలుస్తాయి.

ఈ పొద్దున డ్రమ్ము పక్కన కూర్చుని మన్ను తోడాను. గుచ్చిన పుల్లలైతే దేనికది విడిగా ఊడి రావాలి. రాలేదు. నాలుగు వేళ్ళ లోతున అడ్డంగా పడుకున్న లావు కాడ తగిలింది. నల్లబడింది, నొక్కితే లోపల బోలు. దాని గణుపుల నుంచి రెండు పక్కలా చిగుళ్ళు లేచి పైకొచ్చాయి. పైన గుబురంతా కింద ఒక్కటే తీగ. అంత బోలు కాడ మార్కెట్ కట్టలో ఉండదు. ఆయనదే.

మన్ను మళ్ళీ కప్పాను. కోడలు బట్టలు ఆరేస్తూ చూస్తోంది.

"దొరికిండా మామ?" అంది.

లేత కొసలు కోసి తడిగుడ్డలో చుట్టాను. రేపే పెత్రమాస.

నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెప్తుంటే ఇదంతా రాస్తున్నది ఆ కోడలే. దాని మీద అనుమానపడ్డానని చెప్పిన చోట కలం ఆగడం చూశాను. గొంతు పోయేదాకా మాట్లాడితే కాగితం సగమన్నా నిండలేదు. ఏం రాసిందో, ఏం మింగిందో.

"ఏది బిడ్డా, మొదటి సంది సదువు. వింట."