పచ్చ లైటు వెలుగుతున్నంతసేపు

మా బాబాయి నీళ్ళ దగ్గర నిద్రపోయాడంటే మా ఇళ్ళల్లో ఎవరూ నమ్మేవాళ్ళు కాదు.

గోదావరి సముద్రంలో కలిసే చోట వలలు వేసుకుని బతికిన కుటుంబం మాది. పడవలో కాపలా వంతు వచ్చినవాడు కునుకు తీశాడని తెలిస్తే మర్నాటినుంచి వాణ్ణి ఎవరూ ఎక్కించుకోరు. తిట్టరు, కొట్టరు. "చోటు లేదు" అంటారు, అంతే. బాబాయికి ఆ మాట ఎప్పుడూ తగల్లేదు. వేట తగ్గిపోయాక ఒక ఆసామి దగ్గర రొయ్యల చెరువు కాపలాకి కుదిరాడు. నేను ఇంజనీరింగ్ చదివి రాజమండ్రిలో ఒక చిన్న కంపెనీలో చేరాను. మేం తయారుచేసేది చెరువు గట్టు మీద పెట్టే పెట్టె. నీళ్ళలో వేలాడే ప్రోబ్ ఒకటి ఆక్సిజన్ ఎంత ఉందో కొలిచి దానికి చెబుతుంది. తగ్గితే పెట్టె ఏరేటర్లు తిప్పి నీళ్ళకి గాలి ఎక్కిస్తుంది, సరిపడా ఉంటే ఆపేస్తుంది.

బాబాయి చెరువుకీ మా పెట్టే వచ్చింది. బిగించిన రోజు మా సార్‌తో నేనూ వెళ్ళాను. ఆయన బాబాయిని పిలిచి, "పచ్చ లైటు వెలుగుతున్నంతసేపు దీన్ని ముట్టుకోకండి. మనకన్నా దానికి బాగా తెలుసు" అని చెప్పారు. బాబాయి "ఆయ్" అన్నాడు.

"ఇంక హాయిగా పడుకో బాబాయ్, నీ పని ఇదే చూసుకుంటుంది" అని ఆటపట్టించాను.

"నీళ్ళ పక్కన నాకు నిద్ర పట్టదే అమ్మాయ్. అలవాటు లేదు" అన్నాడు. నిజంగానే లేదు. రొయ్య కదలికని బట్టి నీళ్ళలో ఏం జరుగుతోందో కనిపెట్టడం ఆయనకి చిన్నప్పటినుంచీ ఒంటబట్టిన పని.

దసరా మర్నాడు పొద్దున్నే పిన్ని ఫోన్ చేసింది. "రొయ్య మొత్తం పోయిందే. మీ బాబాయి గట్టు మీద కూలబడిపోయాడు. నువ్వు రా" అంది. రావులపాలెంలో బస్సు మారాలి. సెంటర్లో అరటి గెలల లారీ ఒకటి అడ్డం తిరిగి బస్సు ఎంతకీ కదల్లేదు. ఒళ్ళు మండిపోయి ఆ డ్రైవర్ని ఏమేం అన్నానో ఇక్కడ రాయను.

నేను వెళ్ళేసరికే వాసన మొదలైంది. నీళ్ళ అంచు పొడుగునా రొయ్య తెల్లగా తేలిపోయి ఉంది. కూలీలు బుట్టలతో ఎత్తి గుంటలో పోస్తున్నారు. ఆసామి షెడ్డు ముందు కుర్చీలో కూర్చున్నారు. అప్పటికే చాలాసేపు అరిచినట్టున్నారు, గొంతు బొంగురుపోయింది.

"పడుకోలేదండి" అంటున్నాడు బాబాయి. "రొయ్య గాలందక అంచులకొచ్చేస్తంటే చూసేనండి. స్విచ్చి వేసేను. మోటార్లు తిరిగేయి. నిమిషం తిరక్కుండానే వాటంతటవే ఆగిపోయేయి. మళ్ళీ వేసేను, మళ్ళీ ఆగిపోయేయి. తమరికి చేద్దామంటే ఫోనులో సిగ్నల్ లేదండి. పెట్టె పీకేద్దామనే అనుకున్నాను. పచ్చగా ఉంటే ముట్టుకోవద్దన్నారు కదండి."

"వేసిన మోటారు ఎందుకు ఆగుద్దయ్యా, దెయ్యం వచ్చి ఆపిందా? పండగ పూట కడుపు నిండా తిని పడుకున్నావు. ఆ ముక్క ఒప్పుకో" అన్నారు ఆసామి. చుట్టూ ఉన్నవాళ్ళలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. అంత చావు మధ్య నవ్వు ఎలా వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు. నవ్విన ఒక్కొక్కరి మొహంలోకీ బాబాయి చూశాడు. తర్వాత తల దించుకున్నాడు.

నేను రాజమండ్రి తిరిగొచ్చేలోపే మా సార్ ఆసామికి మెసేజ్ పంపేశారు. మా పరీక్షలన్నీ పాసయ్యాయి, పెట్టెలో లోపం లేదు, తప్పు మనిషి వైపే ఉంటుంది, చూసుకోండి అని. కింద సాక్ష్యంగా మా టెస్టుల ఫోటో, అన్నీ పచ్చ వరసలే. అది చూసి నాకు కడుపు రగిలిపోయింది. ఆ పచ్చ వరసల వెనక ఏముందో నాకు తెలుసు కాబట్టి.

మా కోడు రస్ట్ అనే భాషలో ఉంటుంది. పరీక్షించాల్సి వచ్చిన ప్రతిసారీ చెరువు దగ్గరికి పోలేం కదా, అందుకని ప్రోబ్ బదులు ఒక డూపుని పెడతాం. సినిమాలో హీరో బదులు మేడ మీంచి దూకేవాడి లాంటిదే. దాన్ని చేత్తో రాయక్కర్లేదు. ప్రోబ్ అన్నది ఏయే ప్రశ్నలకి జవాబు చెప్పాలో ట్రెయిట్ అని ఒకచోట రాసుకుంటాం. ఆక్సిజన్ ఎంత ఉంది, నువ్వు పనిచేస్తున్నావా. మా దాంట్లో ఉన్నవి ఈ రెండే. దాని నెత్తిన మాక్రో అని ఒక్క లైను ఆదేశం పెడితే చాలు, కంపైల్ అయ్యేటప్పుడు, అంటే కోడు మెషీన్ భాషలోకి మారేటప్పుడు, ఆ మాక్రోనే ప్రశ్నలు చదువుకుని డూపుని పుట్టించేస్తుంది. ఆ తర్వాత డూపు మనం నేర్పిందే చెబుతుంది. తక్కువని చెప్పమంటే తక్కువంటుంది, పాడయ్యానని చెప్పమంటే పాడయ్యానంటుంది. తక్కువన్నప్పుడు మోటార్లు తిరిగాయి, పాడయ్యానన్నప్పుడు సైరన్ మోగింది, కాబట్టి అన్నీ పాస్. నేను చేరకముందు ఎవరో శ్రద్ధగానే రాశారు. కాకపోతే ఆ డూపు ఏనాడూ చెరువు మొహం చూడలేదు.

ఆఫీసు గోడ మీది టీవీలో రైతులు పంపిన పండగ ఫోటోలు తిరుగుతున్నాయి. నేను కోపంగా దాని ముందు నిలబడి ఉండగా మా బాబాయి చెరువు వచ్చింది. ఆయుధ పూజ. ప్రోబ్‌ని నీళ్ళలోంచి తీసి, శుభ్రంగా కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, గట్టు మీద గుంజకి తగిలించి బంతిపూల దండ వేశారు. పక్కనే చేతులు జోడించి ఆసామి. కింద మా సార్ రాయించిన మాట, రైతన్న నమ్మకమే మా బలం అని.

పూజలో పెట్టిన పనిముట్టుని ఆ రోజు వాడరు. మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా కదపరు. మా తాత వలలు కూడా ఆ ఒక్కరోజూ వాసానికి వేలాడుతూ సెలవు తీసుకునేవి. పిన్నికి ఫోన్ చేసి అడిగాను. "అవునే, ఆసామిగారి అమ్మగారు రేపొచ్చి తీస్తాను, ఎవరూ చెయ్యి పెట్టొద్దన్నారంట" అంది. అంటే తెల్లవార్లూ ఆ ప్రోబ్ గాలిలో వేలాడింది. గాలిలో ఉంచితే ఆక్సిజన్ నిండుగా ఉందని చెబుతుంది. అది అబద్ధం కూడా కాదు, గాలి గురించి నిజమే చెప్పింది. నువ్వు నీళ్ళలో ఉన్నావా అన్న ప్రశ్న మా ట్రెయిట్‌లో లేదు. లేని ప్రశ్నకి డూపు చేత జవాబు చెప్పించాలని ఎవరికి మాత్రం తడుతుంది?

కూర్చుని కొత్త టెస్టు రాశాను. ఎప్పుడడిగినా నిండుగా ఉందనే చెప్పమని డూపుకి నేర్పాను. తర్వాత కోడులోనే స్విచ్ వేశాను. మోటారు తిరిగింది. నిమిషంలోపే పెట్టె దాన్ని ఆపేసింది. ఆక్సిజన్ నిండుగా ఉన్నప్పుడు కరెంటు దండగ చెయ్యకూడదని మా కోడులో ఉన్న నియమమే అది. మళ్ళీ వేశాను, మళ్ళీ ఆపేసింది. బాబాయి చెప్పింది పొల్లుపోకుండా నా కళ్ళ ముందు జరిగింది. చేత్తో వేస్తే ఆగిపోతుంది అని నిరూపించడానికే ఆ టెస్టు, అది పాసైంది. నిద్రపోయినవాడికి ఈ సంగతి తెలిసే దారే లేదు. ఆయన మెలకువగానే ఉన్నాడు. నాకు ఏడుపొచ్చేసింది.

సార్‌కి చూపించాను. "బాగా పట్టావమ్మా. వచ్చే వెర్షన్‌లో సరిచేసేద్దాం" అన్నారు.

"మరి ఆసామిగారికి చెప్తారా అండి?"

"ఏమని చెప్పమంటావు? మిగతా రైతులు కూడా పెట్టెలు విప్పి మన గుమ్మంలో పడేస్తారు. మీ బాబాయికి ఇంకోచోట పని నేను చూపిస్తాలే."

"ఆయనకి కావాల్సింది పని కాదండి" అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆ ఆఫీసులో నా గొంతు అంతలా ఎప్పుడూ లేవలేదు. నేను అలిసిపోయేదాకా ఆయన ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారు.

ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని నేనే ఆసామి ఇంటికి వెళ్ళాను. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించారు. మొత్తం విన్నారు. "అయితే అయి ఉండొచ్చమ్మా. నాకీ కంప్యూటర్లు తెలియవు. కానీ మీ బాబాయి వచ్చి ఒప్పేసుకున్నాడు కదా. పడుకున్నానండి, తప్పైపోయిందండి అన్నాడు. నేనూ ఇంక ఏమీ అనలేదు. మళ్ళీ నువ్వెందుకమ్మా ఇదంతా కెలుకుతావు?" అన్నారు.

అక్కణ్ణుంచి తిన్నగా బాబాయి ఇంటికి వెళ్ళాను. ఆయన అరుగు మీద ఖాళీ చేతులతో కూర్చుని ఉన్నాడు. పొద్దున రేవుకి వెళ్ళొచ్చాడని, పడవలవాళ్ళు చోటు లేదన్నారని పిన్ని లోపలికి పిలిచి చెప్పింది.

"ఎందుకు ఒప్పుకున్నావు బాబాయ్?" అన్నాను.

"పడుకున్నాను కాబట్టి."

"లేదు. స్విచ్ వేశానన్నావు, ఆగిపోయిందన్నావు. నువ్వు చెప్పింది నిజం. అది అలాగే ఆగిపోతుంది. నేను చూశాను."

"కలొచ్చిందే అమ్మాయ్" అన్నాడు, నాకు నచ్చజెబుతున్నట్టుగా. "షెడ్డులో మంచం మీద పడుకున్నాను. కలలో స్విచ్చి వేస్తన్నాను, ఆగిపోతంది. వేస్తన్నాను, ఆగిపోతంది. అలాంటియ్యన్నీ కలలోనే కదా అవుతాయి. ఆసామిగారు, మీ సారుగారు, అంత చదువుకున్నోళ్ళు అందరూ ఒకే మాట చెప్తన్నారు. వాళ్ళకి తెలీకపోద్దా?"

గుమ్మంలో నిలబడ్డ పిన్ని నా వైపు చూసింది. "ఆ షెడ్డులో మంచం లేదే" అంది మెల్లగా.

లాప్‌టాప్ తెరిచి, ఆయన పక్కనే అరుగు మీద కూర్చుని, ఆ టెస్టు మళ్ళీ నడిపించాను. ఇది చూడు బాబాయ్, ఇదే నీ స్విచ్, ఇదే ఆగిపోవడం అని వేలు పెట్టి చూపించాను. ఆయన తెర దగ్గరికి వంగి చాలాసేపు చూశాడు. చివర పచ్చ అక్షరాలు వచ్చాయి. ఇంకోసారి నడిపిద్దామని నేను చెయ్యి పెట్టబోతే, ఆయన నా మణికట్టు పట్టుకుని ఆపాడు.

"పచ్చగానే ఉందిగా అమ్మా" అన్నాడు. "ఇంక ముట్టుకోకు."