కక్కుకొండ కథ చెప్పిన మా అత్త

మా అత్త పోయింది. పొద్దున్నే చిన్నాయన ఫోన్ చేసి ఏడుస్తూ చెప్పాడు. ఏడుపు పూర్తిగా ఆగకముందే, వేట్లు కోవిల్‌పట్టిలో తీసుకుందామా, సాత్తూరు నుంచి తెప్పిద్దామా అని నన్నే అడిగాడు.

నాకు ఒళ్ళు మండింది. మా వైపు, అంటే తమిళనాట సాత్తూరు చుట్టుపక్కల తెలుగు ఊళ్ళలో, నిండు వయసులో పోయినవాళ్ళది కల్యాణ సావు అంటారు. అంటే ఏడుపు తక్కువ, సందడి ఎక్కువ. రోడ్డు పొడుగునా ఎర్రటి టపాకాయల సరాలు పరిచి, పాడె ముందర కాలుస్తూ, పూలు చల్లుతూ కాటికి తీసుకుపోతారు. ఆ సరాలనే వేట్లు అంటాం. బతికినన్నాళ్ళూ టపాకాయల మందు వాసన సోకితే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్న మనిషికి ఆఖరి మర్యాద ఆ వాసనే!

“నేను పోతే నా ముందర వేట్టు వెయ్యనియ్యొద్దు పాపా. నువ్వు నిలబడి ఆపల్ల,” అని పోయిన వేసవిలో అత్త నా చెయ్యి పట్టుకుని అడిగింది. సరేనన్నాను. విరుదునగర్ నుంచి బస్సులో కూర్చున్నంతసేపూ నాకు కన్నీళ్ళు రాలేదు. చిన్నాయనను ఎట్లా ఆపాలా అన్నదే ఆలోచన. ఆయన మాట వెనక ఊరంతా ఉంటుంది, నా పక్కన ఉన్నది చచ్చిపోయిన మనిషి ఒక్కతే.

ఆమె మా నాన్నకు అక్క. మొగుడు చిన్న వయసులోనే పోతే చంకలో కొడుకుతో పుట్టింటికి వచ్చేసింది. నల్లరేగడిలో మినుములు, కంబు అనే సజ్జలు పండించుకుంటూ నాన్న, చిన్నాయన ఆమెను కళ్ళలో పెట్టుకుని చూసుకున్నారు. శుభ్రం పిచ్చి ఉన్న మనిషి. ఇంటికి ఎవరొచ్చినా ముందు రెండు అరచేతులూ పట్టుకుని వాసన చూసేది. కొత్తగా వచ్చిన అల్లుళ్ళు బిత్తరపోయేవాళ్ళు. నేను కాలేజీకి పోయే వయసులో కూడా సాయంత్రం గడపలో నా చేతులు ఆమె ముక్కు దగ్గర పెట్టాకే లోపలికి అడుగు పెట్టాలి. ఇంత శుభ్రమైన మనిషి నోట్లోంచి అంత రోత కథ ఎట్లా వచ్చేదో చిన్నప్పుడు నాకు అంతుపట్టలేదు.

కథ పేరు కక్కుకొండ. అది మన దేశంలో ఉన్నది కాదు, అత్త కట్టుకున్న లోకంలోది. ఆ లోకంలో సూర్యుడు లేడు. ఉన్న వెలుతురంతా ఆ మంటకొండదే, అందుకే జనం దాన్ని వదిలి దూరం పోలేక చుట్టూ ఊళ్ళు కట్టుకున్నారు. కొండకు నోరుంది, కడుపుంది. కాళ్ళు లేవు గానీ నాలుక ఎంత దూరమైనా సాగుతుంది. దానికి మంత్రం తెలుసు. ఎవరికి ఏది ఇష్టమో ఆ వాసన వదులుతుంది. ఆకలిగా ఉన్నవాడికి వెన్న కాచిన వాసన, తల్లి లేనివాడికి తల్లి కొంగు వాసన. ఆ వాసన వెంట పోయినవాణ్ణి అది కాల్చదు.

“కాల్సేది మంట. ఇది కాల్సదురా, నములుతాది. నమిలి, రుసి సూసి, బాగలేదని కక్కుతాది,” అనేది అత్త. చేటలో మినుములు పోసుకుని రాళ్ళేరుతూ, పక్కింట్లో ఏం కూర వండారో చెప్పినంత తేలికగా చెప్పేది.

కక్కింది ఊళ్ళ మీద పడుతుంది. తెల్లారి ఆడవాళ్ళు లేచి చూస్తే ఇంటి కప్పు మీద జిగట. జిగటలో వెంట్రుకలు, గోళ్ళు, సగం నమిలిన చెప్పులు. చీపురుతో గీకితే చీపురుకు అంటుకుని తీగలు సాగుతుంది. కొండ నాలుక తగిలి ప్రాణంతో తిరిగొచ్చినవాడి పరిస్థితి ఇంకా అన్యాయం. వాడి ఒళ్ళు వెండిరంగు అవుతుంది. వాడు కలిపిన అన్నం వెండిరంగు, ఉమ్మితే ఉమ్ము వెండిరంగు. ఆ దేశపు రాజు మాత్రం కక్కిందాన్నంతా పోగుచేయించి, ఎండబెట్టి, రంగు కాగితాల్లో చుట్టి పొరుగు దేశాల పండగలకు పంపుతాడు. అక్కడి పిల్లలు దాన్ని చూసి చప్పట్లు కొడతారు.

“వీరుడు ఎవరూ రాలేదా అత్తా? కొండను చంపలేదా?” అని నేను ఒకసారి అడిగాను.

“వచ్చినాడు. పెద్ద కత్తి తీసుకోని వచ్చినాడు. దాని పల్ల సందులో ఇరుక్కున్నాడు. ఇప్పటికీ ఆడనే ఉండాడు. కొండ తాటిమాను పెరికి గుచ్చుకుంటా ఉంటాది, వాడు ఊడి రాడు.”

కథకు ముందు, అరుగు మీద చేరిన వీధి పిల్లలందరికీ తలా ఒక కడలమిఠాయి, అంటే వేరుశెనగ అచ్చు, ఇచ్చేది. అది చేతిలో కరిగి జిగటయ్యేదే గానీ ఒక్కరం నోట్లో పెట్టుకోలేకపోయేవాళ్ళం. ఒకడైతే వాకిట్లోకి పరిగెత్తి నిజంగానే కక్కేశాడు. మా అమ్మ ఓపిక పట్టీ పట్టీ ఒకరోజు అడిగేసింది.

“వదినా, బిడ్లు కూడు తిననంటా ఉండారు. రాజకుమారి కత ఏదన్నా చెప్పగూడదా?”

“ఒక పూట తినకుంటే ఎవురూ సావరు,” అంది అత్త, రాళ్ళేరడం ఆపకుండానే.

మా ఊరి మూలకు రోజూ పొద్దున టపాకాయల కంపెనీల వ్యాన్లు వచ్చేవి. తాయిల్‌పట్టి వైపు, సాత్తూరు వైపు. వాన పడని ఏడాది వ్యాన్లు ఎక్కువ, జనం ఎక్కువ. సాయంత్రం దిగేటప్పుడు మందు పొడి పూసుకుని చేతులు, మెడలు వెండిరంగులో మెరిసేవి. మా వయసు పిల్లలకు అది గొప్పగా కనిపించాలి మరి. మేము మాత్రం ముక్కులు మూసుకుని దూరం జరిగేవాళ్ళం. ఎదురింటి అన్న వ్యాను దిగి వస్తూ నా తల నిమరబోతే నేను “థూ, కక్కుకొండ” అని పక్కకు దూకాను. అత్త అరుగు మీద నుంచి చూసింది. నన్ను రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయి, చెంబుడు మజ్జిగ నా చేతికిచ్చి, ఆ అన్న తాగేదాకా పక్కనే నిలబడమంది.

“అసింగం కొండది. మనిసిది కాదు. ఆ తేడా తెలీకుంటే నా అరుగు ఎక్కొద్దు,” అంది. అసింగమంటే రోత. అంత కోపంగా ఆమెను ఎప్పుడూ చూడలేదు.

నాకు కూతురు పుట్టి, అది కథలు వినే వయసుకొచ్చాక ఒక సెలవుల్లో ఊరికి తీసుకుపోయాను. కక్కుకొండ విని పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. కాస్త అందంగా చెప్పకూడదా అత్తా అని నేను కూడా మా అమ్మ పాటే పాడాను. పిల్ల నిద్రపోయాక అత్త చెప్పింది.

“అందంగా చెప్పినా పాపా, ఒకప్పుడు. మా వాడికి.”

ఆమె కొడుకు నేను పుట్టకముందే పోయాడని తెలుసు. కంపెనీలో పోయాడని తెలుసు. అంతకుమించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. వాడికి ఆమె చెప్పింది బంగారు కొండ. అది ఉరిమితే లోకం అదిరిపోతుంది. దాన్ని ఎక్కి శిఖరం మీది నిప్పు తెచ్చినవాడే మగాడు. భయపడేవాళ్ళందరూ కింద నిలబడి చూస్తారు, భయపడని కొడుకు ఒక్కడే తల్లి కోసం పైకి పోతాడు. వాడు కథ కథకూ ఎగిరి గంతులేసేవాడట. కరువు సంవత్సరం వ్యాను ఎక్కాడు. మందు కలిపే గదిలోకి గుండె ధైర్యం ఉన్నవాళ్ళనే తీసుకుంటామని మేస్త్రి అంటే, నేనున్నానని ముందుకు పోయాడు.

“కొండ ఎక్కతా ఉండానమ్మా అని నగతా పొయ్యినాడు. మూట కట్టి ఎత్తుకోని వచ్చినారు. మొగం లేదు. ఆ వాసన నా ముక్కుకి తగిలింది, నేను వాంతి చేసుకున్నా పాపా. కన్నబిడ్డను సూసి కక్కినా. ఏ తల్లన్నా సేస్తాదా?”

కథలు మనుషుల్ని చంపవు అత్తా అన్నాను. కరువు చంపింది, వ్యాను చంపింది, పిల్లాడి ధైర్యాన్ని వాడుకున్న మేస్త్రి చంపాడు అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

“బయం పిలస్తాది పాపా. ఎంత బయమైతే అంత పోవల్లని ఉంటాది పిలకాయలకి. అసింగమైతే పోరు.”

చాలా ఏళ్ళు నోరు మూసుకుని, మళ్ళీ అరుగు మీద పిల్లల్ని కూర్చోబెట్టినప్పుడు ఆమె కొండ అట్లా మారింది. దానివల్ల అందరూ ఆగారని అబద్ధం చెప్పను. వాన లేకపోతే కథ ఏం చేస్తుంది, కొందరు వ్యాన్లెక్కారు. కానీ ఎవరూ గొప్ప కోసం ఎక్కలేదు. నేను చదువుకుని పప్పుల మిల్లు ఆఫీసులో కూర్చున్నానంటే, ఆ మూల వ్యాను ఆగిన ప్రతిసారీ నాకు రోత పుట్టినందువల్లే. ఆ రోతకు నేను ఆమెకు జీవితాంతం రుణపడి ఉంటాను.

ఇక సావింటి సంగతి. చచ్చినవాళ్ళ కళ్ళు చారెడు అంటారు కదా, మా అత్తవి చేటంత చేశారు. వీధి మొదట్లో ఫ్లెక్సీ. అందులో ఆమె ముడతలన్నీ తుడిచేసి, తల వెనక వెలుగు చక్రం పెట్టి, చుట్టూ తారాజువ్వలు అతికించారు. బంగారం లాంటి కథలు చెప్పేదని ఆడవాళ్ళు అంటున్నారు. అవే కథలకు వాళ్ళ పిల్లలు అన్నం మానేస్తే మా అమ్మ మీదికి పోట్లాటకు వచ్చినవాళ్ళే.

అంతలో మోటార్ సైకిల్ మీద ఒకాయన పెద్ద అట్టపెట్టె కట్టుకుని వచ్చాడు. కంపెనీ మేనేజరు. ఏ కంపెనీ? అత్త కొడుకును మూట కట్టి పంపిన కంపెనీయే. ఇప్పుడు బోర్డు మారింది, ముదలాళి, అంటే యజమాని, మారాడు, గోడలు అవే. “పెద్దావిడకు మా ముదలాళి తరఫున మరియాదై,” అని తమిళంలో అంటూ పెట్టె దించాడు. వేట్లు. ఊరికే ఇచ్చారట. చిన్నాయన రెండు చేతులూ జోడించి అందుకున్నాడు. దండం పెడుతున్న ఆ చేతులు చూసి నాకు నిజంగానే ఓకరింత వచ్చింది.

“అత్త వద్దనింది చిన్నాయనా. నాతో మాట తీసుకునింది.”

“ముసలామె ఏదో అనింటాది పాపా. సద్దు లేకుండా ఎత్తుకోని పోతే అనాద పీనుగు పొయ్యినట్ల పోతాది. మా అక్కను అట్ల పంపించమంటావా?” ఆయన కూడా ప్రేమతోనే ఏడుస్తున్నాడు, అదే నాకు కష్టమైంది.

కుర్రాళ్ళు సరాలు విప్పి పరిచేశారు. మా గడప ముందు నుంచి వీధి చివరి దాకా ఎర్రగా, పొడుగ్గా, మెలికలు తిరిగి. కుర్రాళ్ళంటే ఇప్పుడు మీసాలొచ్చి, పెళ్ళిళ్ళయినవాళ్ళే, అత్త అరుగు మీద పెరిగినవాళ్ళే. ఒకడు లైటరు తీశాడు. నాకు ఇంకేం తోచలేదు. అత్త కూర్చునే చోట అరుగు మీద కూర్చుని, ఆమె చెప్పినట్టే, గొంతు ఎత్తకుండా మొదలుపెట్టాను.

“కక్కుకొండకి దొరకనోళ్ళు కూడా ఒకనాటికి సస్తారురా. అప్పుడు దానికి మహా కోపం వస్తాది. బతికుండగా నాకలేకపొయ్యినానే అని. అంత దూరం నించి నాలిక సాపి, సావింటి వాకిలి దాకా తెస్తాది. ఎర్రగా, తడిగా, రోడ్డు మీద పరుచుకోని ఉంటాది. పాడె దాని మీద పోవల్ల. అది పీనుగును అడుగునించి నాకల్ల. ఈమె బిడ్డను మింగిన నాలికే అది. ఇప్పుడు ఈమె రుసి సూసేదానికి వచ్చింది.”

లైటరు పట్టుకున్నవాడు కిందికి చూశాడు. ఒక కాలు సరానికి తగులుతూ ఉంది. ఆ కాలు చటుక్కున వెనక్కి తీసుకుని లుంగీకి తుడుచుకున్నాడు. లారీ నడిపే మనిషి, వాడి ముఖం చిన్నపిల్లాడి ముఖంలా ముడుచుకుపోయింది. చిన్నాయన అక్క ముఖం వైపు చాలాసేపు చూశాడు.

“ఎత్తండిరా దాన్ని,” అన్నాడు. “మా అక్కకి తగలగూడదు. ఎత్తి ఆయనకే ఇచ్చెయ్యండి.”

మేనేజరు పెట్టె మళ్ళీ బండికి కట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా పోయాడు. పాడె లేచింది. మేము ఆడవాళ్ళం కాటికి పోము, వీధి చివర ఆగిపోతాం. మామూలుగా వేట్ల శబ్దం మాకు దారి చెబుతుంది. మొదటి మోత రోడ్డు మలుపులో, తర్వాతది వాగు దగ్గర, ఆఖరిది కాటిలో. ఆ ఆఖరిది వినగానే ఇక అయిపోయినట్టు, నెత్తిన నీళ్ళు పోసుకుని, ఇల్లు కడిగి, ఎవరి పనుల్లో వాళ్ళు పడిపోతాం.

ఆ రోజు ఏ శబ్దమూ రాలేదు. ముందు డప్పు కొంచెం వినిపించింది, గాలి మారాక అదీ లేదు.

“చేరుంటారా?” అంది మా అమ్మ, నీళ్ళ బకెట్టు పట్టుకుని.

“తెలీదే,” అన్నారెవరో.

“అయితే ఇంకొంచెం ఉందాం.”

ఎవరమూ నీళ్ళు పోసుకోలేదు. ఎండ పడమటికి తిరిగింది. వీధి వీధంతా ఆడవాళ్ళం, చేతుల్లో నిండు బకెట్లతో, ఆమె పోయిన రోడ్డు వైపే చూస్తూ నిలబడి ఉన్నాం.