పైలట్ మెడికల్ పొద్దున ఒక చుక్క ఆముదం

మన జిల్లా నుంచి పైలట్ కావాలనుకునే పిల్లలు ఈమధ్య నన్నడిగే ప్రశ్న ఒకటే: బెంగళూరులో మెడికల్ ఎలా ఉంటుందక్కా? ఏడేళ్ల కిందటి నా ప్రయాణం రాస్తే చాలనిపించింది. నాకు ఫ్లయింగ్ క్లబ్బులో సీటొచ్చింది కానీ, శనివారంలోగా మెడికల్ పాసైన కాగితం చూపించాలి. లేదంటే ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. నాకేం దిగుల్లేదు. గట్టు మీద నిలబడి చేను ఆ చివర మేస్తున్నది ఎవరి ఎద్దో చెప్పేదాన్ని!

గురువారం పొద్దున ఆరింటికి నాయనా నేనూ కంబదూరులో పావగడ బస్సెక్కాం. పావగడలో దిగి ఇడ్లీ తిని, మధుగిరి మీదుగా పోయే బెంగళూరు బస్సు పట్టుకున్నాం. ఇద్దరికీ కలిపి నూట ముప్పై దాకా అయింది. మా పక్క కిటికీకి అద్దం లేదు. దారంతా దుమ్మే. డ్రైవరుది మా వైపే, తెలుగులో పలకరించాడు.

"యాడికి పోతాండారన్నా, తండ్రీ కూతురూ?"

"ఇమానం నడిపేదానికి పరీచ్చ ఉండాది పాపకు," అన్నాడు నాయన, బస్సంతా వినేలా.

"ఏమప్పా, బస్సు నడిపినంత కష్టముంటాదా అది?"

"ఆడ గుంతలుండవు గదన్నా," అన్నాను. ముందు సీట్లవాళ్లు పకపకా నవ్వారు.

మధ్యాహ్నానికి బెంగళూరు మెజెస్టిక్ బస్టాండు చేరి, రెండు వందలకి ఒక లాడ్జి గది తీసుకున్నాం. తెల్లారి లేచేసరికి దుమ్ముకి నా కళ్లు ఎర్రబడి ఉన్నాయి. నాయన సంచిలోంచి చిన్న సీసా తీశాడు. అందులో అవ్వ కాచిన ఆముదం ఉంది. మా ఇళ్లలో కళ్లు మండితే కంట్లో ఆముదం చుక్క వేసి, మాడుకు ఇంత అద్దుతారు.

"డాక్టరు సూసి ఏమనుకుంటాడో మ్మా. ఒక్క చుక్క యేస్తా, సల్లగుంటాది."

నేను వద్దనలేదు. నిజం చెప్పాలంటే, నేనే తల వెనక్కి వాల్చాను.

ఎనిమిదింటికి పరీక్ష కేంద్రం వరండాలో కూర్చున్నాం. పక్కనున్న హిందూపురం కుర్రాడు లైసెన్సు వచ్చి రెండేళ్లయిందని, ఇంకా ఉద్యోగం లేదని చెప్పాడు. "రెండు వందల గంటలు ఎగిరితే లైసెన్సు ఇస్తారు, ఉద్యోగం ఇవ్వరు. అయినా లైసెన్సు నిలవాలంటే మెడికల్ మాత్రం మానకూడదు," అన్నాడు. నాయన మొహం చూశాను. ఇంటికి పోదాం పద అంటాడేమో అనుకున్నాను. "ముందు నీ కండ్లు సూపించుకో," అన్నాడంతే.

చెవులు, గుండె, రక్తం అన్నీ బాగానే అయ్యాయి. చివరికి కళ్లు. గోడ మీది పలకలో పై మూడు వరుసలు చదివాను. కింది అక్షరాలు అలికినట్టున్నాయి. రెప్పలాడించినా అంతే. పెద్దావిడ డాక్టరు టార్చి వేసి చూసి, "కళ్లలో ఏం వేసుకున్నావు?" అంది. నేను గుమ్మం వైపు చూశాను.

"నేనే యేసినా మేడం, ఆముదం," గుమ్మంలోంచి నాయన గొంతు. "బిడ్డ తప్పేం ల్యా. నాకే బుద్ధి ల్యాకపాయ."

అప్పటిదాకా నాయన మీద ఒళ్లు మండిపోతోంది. ఊళ్లో ఎవరి ముందూ తగ్గని మనిషి అలా నిలబడేసరికి ఏడుపొచ్చింది.

"ఇది ఇట్లాగే రాస్తే మూడు నెలలు ఆగి రావాలి," అందావిడ. "కళ్లు కడుక్కుని మూడింటికి రా. అప్పుడూ కనిపించకపోతే నేను చేసేదేం లేదు."

ఆవరణలో కొళాయి దగ్గర నాయన దోసిళ్లతో నీళ్లు పడుతుంటే నేను కళ్లు కడుక్కున్నాను. ఎన్నిసార్లో లెక్కలేదు. ఇద్దరం అన్నం మాటే మరిచిపోయాం. మూడింటికి చివరి వరుస దాకా గడగడా చదివేశాను. అదే వరుసను చివరి నుంచి ముందుకు చదవమంది ఆవిడ. అదీ చదివాను. కాగితం మీద "ఫిట్" అని రాసింది. నాయన ఆ కాగితాన్ని మడతపెట్టకుండా కంబదూరు దాకా చేతిలోనే పట్టుకొచ్చాడు. శనివారం క్లబ్బులో చూపించాం, సీటు నిలిచింది.

ఇప్పుడు నేను కో-పైలట్‌ని. ఆ కుర్రాడు అన్నది నిజమే. లైసెన్సు తర్వాత నేనూ రెండేళ్లు ఖాళీగా తిరిగాను. ఉద్యోగం వచ్చాకా మెడికల్ తప్పదు, గడువు వచ్చిన ప్రతిసారీ ఆ అక్షరాల ముందు మళ్లీ నిలబడాల్సిందే. అయినా ఈ పని మనవాళ్లకి చేతకానిదేం కాదు, ధైర్యంగా రండి. ఒక్క జాగ్రత్త: ఒక రోజు ముందే చేరి బాగా నిద్రపోండి, కళ్లలో మంచినీళ్లు తప్ప ఏమీ వేయకండి. నాకైతే మరిచిపోయే వీల్లేదు. మెడికల్ ఉన్న ప్రతి పొద్దునా ఆరింటికల్లా నాయన ఫోన్ చేస్తాడు. బాగుండావా అని కూడా అడగడు.

"మ్మా, కండ్లలో ఏం యేసుకోలేదు గదా?"