తవిటమ్మ పిలుపు

కళింగపట్నంలో తవిటమ్మ చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. ముందు పుట్టిన పిల్లలు దక్కలేదని, ఆమె పుట్టగానే తల్లి తవుడుకి అమ్మి మళ్లీ కొనుక్కుంది. పేరు అలా వచ్చింది. ఆమె మొగుడు పోతురాజు కొన్నేళ్ల కిందట ఒక తుఫాను ముందురోజు వేటకెళ్లి తిరిగి రాలేదు. పడవ చెక్కలు కొట్టుకొచ్చాయి గానీ మనిషి దొరకలేదు. వస్తాడన్న ఆశ ఆమెను వదల్లేదు. పొద్దు వాలే వేళ జనంలేని చోటు చూసుకుని మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, "మావా, కూడు సల్లారిపోతన్నాది, వొచ్చీ" అని పిలిచేది. ఆ సంగతి ఒక్కడికే చెప్పింది.

వాడు పృథ్వీరాజ్, గరివిడిలో ఉన్న తమ్ముడి కొడుకు. తల్లి చిన్నప్పుడే పోతే పిల్లల్లేని తవిటమ్మ దగ్గరే పెరిగాడు. పెళ్లి వీడియోలు తీస్తూ తీస్తూ, స్నేహితులతో కలిసి చిన్న సినిమా ఒకటి మొదలుపెట్టాడు.

"మావయ్య మీదే సినిమా అత్తా. నువ్వేటీ నటించక్కర్లేదు. రోజూ ఎలాగ పిలుస్తావో అలాగే పిలు," అన్నాడు.

ఇన్నాళ్లకి తన మొగుణ్ణి తలుచుకునేవాడు ఇంకొకడున్నాడని మురిసిపోయింది. వచ్చినవాళ్లందరికీ చేపల పులుసు వండిపెట్టింది. పోతురాజు చొక్కా అడిగితే పెట్టెలోంచి తీసి ఇచ్చింది. సముద్రం ముందు నిలబడ్డాక కెమెరా సంగతే మర్చిపోయింది. కట్ అన్నాక కూడా ఏడుపు ఆగకపోతే పృథ్వీరాజే భుజం పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు.

శ్రీకాకుళంలో సినిమా ఆడిన మొదటిరోజు పక్కింటి అనూరాధను తోడు తీసుకుని వెళ్లింది. తెర మీద తన మొహం, తన కన్నీళ్లు. గొంతు మాత్రం ఎవరిదో, బొంగురు గొంతు. "మావా" అని పిలవగానే నీళ్లలోంచి కుళ్లిన శవం లేచింది. దాని ఒంటి మీద పోతురాజు చొక్కా. ఆమె పిలిచినప్పుడల్లా అది ఊళ్లో ఒకణ్ణి సముద్రంలోకి లాక్కుపోయింది. హాలంతా కేకలు, ఈలలు. తవిటమ్మ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని కూచుంది.

సినిమా బాగా ఆడింది. తర్వాత అందరి ఫోన్లలోకీ వచ్చింది. ఆమె వీధిలోకి వస్తే పిల్లలు చేతబడి చేసేదాన్ని చూసినట్టు "సిల్లంగి" అంటూ పరుగెత్తేవారు. ఒకరోజు అనూరాధ గుమ్మంలోనే నిలబడి తల దించుకుంది.

"నాను నమ్మను పిన్నీ. మా అత్త నమ్ముతాది. మావోలు వేటకెల్లీటప్పుడు నిన్ను ఒడ్డుకి రావద్దంతన్నాది."

స్వీట్లు పట్టుకొచ్చిన పృథ్వీరాజ్‌ను తవిటమ్మ కూచోమనలేదు.

"నానేటి సెప్పినాను, నువ్వేటి తీసినావురా?"

"ఏడుపు సినిమా ఎవలు సూస్తారత్తా? దెయ్యముంటేనే కొంతారు."

"సొక్కా అడిగిననాడే నీకు తెల్సునా?"

వాడు స్వీట్ల పెట్టె అరుగు మీద పెట్టాడు. "తెల్సు," అన్నాడు.

"నానున్న ముక్క కోసీ."

"మన సేతుల్లో లేదు, అమ్మీసినాం. సక్సెస్ మీట్‌కి రా అత్తా. మావయ్య గురించి నానే అందరికీ సెప్తాను."

మళ్లీ నమ్మింది. మీట్ రోజు స్టేజీ మీద పృథ్వీరాజ్ లైట్లు తగ్గించి, మైకు ఆమె చేతికిచ్చి, "ఒక్కసారి పిలు అత్తా," అన్నాడు. పోతురాజు పేరైనా ఎత్తలేదు.

తవిటమ్మ మైకు నోటి దగ్గర పెట్టుకుంది. "పోతురాజు నా మొగుడు. సముద్రంలో పోనాడు. నానెవల్నీ సంపలేదు."

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. అమ్మ ఇంకా పాత్రలోనే ఉన్నారని యాంకరమ్మ అంది. పృథ్వీరాజ్ కూడా నవ్వుతూ చప్పట్లు కొట్టాడు. ఆమె మైకు కుర్చీలో పెట్టి, స్టేజీ దిగి, బస్సెక్కి ఇంటికొచ్చేసింది.

ఆ తర్వాత ఆమె ఎప్పుడూ పిలవలేదు. మొగుడికి కర్మ చేయిస్తానని ఊరి పెద్దలకు కబురుపెట్టింది. కర్మ చెయ్యడానికి కొడుకుని పంపుతానని తమ్ముడు ఫోన్ చేస్తే వద్దంది. అనూరాధ మొగుడు గోపి తనంతట తనే వచ్చి, తలస్నానం చేసి, పిండాలు సముద్రంలో కలిపాడు.

భోజనాల వేళకు పృథ్వీరాజ్ వచ్చాడు. అందరితోపాటు వాడికీ ఆకు వేసి వడ్డించింది. ఇంకొంచెం పెట్టనా అని మాత్రం అడగలేదు.