మా జీపు ఎత్తుకున్న రాగం

ఒక్క సుత్తితో జీపునీ, సంగీత సభనీ, మా ఇంట్లో ఉన్న కాస్త ప్రశాంతతనీ కలిపి పాడుచేసిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, ఫరవాలేదు. దేశ రాజధానిలో మా ద్వారక అపార్టుమెంట్ల సొసైటీ అంతా ఇప్పటికే నవ్వేసింది.

లెక్కలు నాకెవరూ నేర్పలేదు, సొంతంగా నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నవాడికి ఒక జబ్బుంటుంది. దేన్నైనా కొలిచేస్తే చాలు, దాని గురించి అంతా తెలిసిపోయిందనుకుంటాడు. మా పాత పెట్రోలు జీపు క్లచ్ ప్లేటు అరిగితే, మెకానిక్కుని పిలవకుండా పార్కింగులో నేనే గేరుబాక్సు దింపాను. ఇంజను చివర గుంటలో పైలట్ బేరింగు అని చిన్నది ఒకటుంటుంది. గేరుబాక్సు ఇరుసు కొన దాంట్లోనే ఆనుకుని తిరుగుతుంది. పనిలో పనిగా అదీ మార్చేద్దామనుకున్నాను.

ఆ ఆదివారమే మా తెలుగువాళ్ల సభలో నా భార్య శారద పాడాలి. పెళ్లయ్యాక ఆవిడ వేదికెక్కడం అదే మొదలు.

"ఆదివారానికి బండి సిద్ధమవుతుందా?" అంది.

"లెక్క ప్రకారం శనివారానికే అయిపోవాలి."

"లెక్క సంగతి కాదండీ, బండి సంగతి అడుగుతున్నా."

కొత్త బేరింగు గుంటకంటే వెంట్రుకవాసి లావుగా ఉంది. చల్లబడితే ఎంత కుంచించుకుపోతుందో దశాంశం తర్వాత మూడో అంకెదాకా లెక్కగట్టి, ఫ్రీజర్లో కొబ్బరి తురుము పక్కన పడుకోబెట్టాను.

"ఈ ఇనప ముక్క ఇక్కడెందుకు?"

"సన్నబడ్డానికి."

"అయితే ముందు మీరెక్కండి ఫ్రీజర్లోకి."

ఇక అసలు ఘట్టం. బేరింగులో రెండు వలయాలు, మధ్యలో గుండ్లు ఉంటాయి. గుంటలోకి దించేటప్పుడు దెబ్బ బయటి వలయం మీదే పడాలి. లోపలిదాని మీద పడితే ఆ దెబ్బంతా పాపం గుండ్లు తింటాయి. ఇవాళైతే నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆవేళ మాత్రం నా దగ్గరున్న గొట్టం ముక్కలన్నీ కొలిచి, లోపలి వలయానికి అచ్చుగుద్దినట్టు సరిపోయినదాన్ని ఏరి, పెళ్లికొడుకుని కుదిర్చినంత సంబరపడ్డాను. పక్క ఫ్లాటు ఖన్నాజీ టార్చి పట్టుకుని నిలబడ్డారు. బండ్ల గురించి ఆయనకు నాకంటే తక్కువ తెలుసు, ధైర్యం మాత్రం ఎక్కువ.

"పర్ఫెక్ట్ ఫిట్టింగ్ హై, రావ్ సాబ్. ఠోకో."

గొట్టాన్ని బేరింగు మీద ఆనించి, సుత్తితో ఠోకాను.

ఆదివారం బయల్దేరేటప్పుడు క్లచ్ నొక్కితే జీపు కాస్త మూలిగింది గానీ, నేను పట్టించుకోలేదు. మొదటి సిగ్నల్ దగ్గర ఆపుదామని క్లచ్ నొక్కానో లేదో, కింద నుంచి కీచుమని ఒక కేక లేచింది. తోక తొక్కించుకున్న పిల్లికి మైకు ఇచ్చినట్టుంది. క్లచ్ వదిలితే నిశ్శబ్దం, నొక్కితే మళ్లీ కేక; నా దెబ్బ తిన్న ఆ బేరింగు గుండ్లు క్లచ్ నొక్కినప్పుడే తిరుగుతాయి మరి. పక్క స్కూటరువాడు హెల్మెట్ తీసి మరీ చూశాడు. సిగ్నళ్లు లేని దారి కోసం నేను మనసులో లెక్కలు మొదలుపెట్టాను. ద్వారకలో అలాంటి దారి ఉంటే మీరైనా చెప్పండి.

మూడో కేకకి శారద తలుపు తీసింది.

"నేను మెట్రోలో పోతాను. దీని పక్కన ఇంకాసేపు కూర్చుంటే నా శ్రుతి పోతుంది."

దిగి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. నేను పడుతూ లేస్తూ హాలుకి చేరేసరికి లోపలినుంచి ఆవిడ ఆలాపన వినిపిస్తోంది. ఎంత బాగుందో. ఎలాగైనా చూడాలన్న ఆత్రంలో హాలు కిటికీ కిందే ఉన్న ఇరుకు సందులోకి జీపుని రివర్సు చేయబోయాను. రివర్సు గేరు పడాలంటే క్లచ్ నొక్కాలి కదా. నొక్కాను.

లోపల ఆలాపన ఆగింది. కుర్చీలు కదిలాయి. ఎవరో కిటికీ తెరిచారు. అప్పుడు మైకులో శారద గొంతు, ఎంతో నిదానంగా:

"కంగారు పడకండి. మావారు వచ్చారు."

హాలంతా గొల్లుమంది. ఆ నవ్వు సద్దుమణిగాక ఆవిడ ఆపిన స్వరం దగ్గరే అందుకుని, దివ్యంగా పాడి ముగించింది. చప్పట్లు నేను జీపులోనే కూర్చుని విన్నాను.

కనుక మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కొలత ఎంత చక్కగా కుదిరినా సరే, దెబ్బ ఎక్కడ వేయాలో తెలిసినవాళ్లని అడక్కుండా ఈ జన్మలో సుత్తి ఎత్తను. గోడకి మేకు కొట్టమన్నా, ముందు మేకు అనుమతి తీసుకుంటాను.