లూజు లాజరు, పండ్ల కడ్డీ

లాజరుకు ఏదన్న సూడాలంటే కండ్లు సాలయి. చెయ్యి పెట్టి ఊపాలె. తలుపు కనవడితే ఊపుతడు, మంచం కనవడితే ఊపుతడు. ఊపి, చెవి వారగ పెట్టి, బొటనవేలికి చూపుడువేలికి నడుమ సందు చూపించి, "ఇంత లూజున్నది" అంటడు. బోధన్‌ల ఆయన మెకానిక్ షెడ్డు తెలువనోళ్లు ఉంటే ఉండొచ్చు గని, లూజు లాజరు తెలువనోళ్లు లేరు.

శారమ్మను సూడనీకె వచ్చిననాడు గూడ గంతే. కూసోమని కుర్సీ వేస్తే ముందుగాల దాన్ని ఊపిండు. తర్వాత తలకిందులు చేసిండు. సుత్తె అడిగి రెండు మేకులు కొట్టిండు. శారమ్మకు కనవడ్డదల్లా పెండ్లికొడుకు వీపే. ఇంటికి పోయినంక వాళ్లమ్మ "పిల్ల ఎట్లున్నదిరా?" అంటే, "కుర్సీ ఇప్పుడు గట్టిగున్నదమ్మా" అన్నడట.

ఒక ఆదివారం చర్చిల పాస్టరు గారు బల్ల మీద చెయ్యేసి, "మన విశ్వాసం కదలకూడదు!" అని గట్టిగ చెప్తున్నరు. లాజరు నడుమల లేచి పోయి బల్లను పట్టి ఊపిండు.

"అయ్యగారూ, విశ్వాసం సంగతి దేవునికెరుక. బల్ల మాత్రం కదులుతున్నది."

శారమ్మ కొంగు నోట్లె కుక్కుకున్నది, నవ్వు ఆగక.

పందొమ్మిదొందల అరవై ఎనిమిదిల, వానలు పోయినంక, జగ్గారావు కారు లాజరు షెడ్డుకు వచ్చింది. జగ్గారావుది గుంటూరు దిక్కు. కోటగిరి కాడ కాలువ కింద భూములు కొనుక్కొని చెరుకు పెడుతుండు. ఆ కారు మామూలు కారు కాదు. శక్కర్ ఫ్యాక్టరీల పనిచేసిన ఒక ఇంజినీరు దొర ఇంగ్లండు నుంచి పెట్టెల్లో తెప్పించుకున్నడు. ఒక పెట్టెల చట్రం, ఒక పెట్టెల తలుపులు, ఒక పెట్టెల దీపాలు. పుస్తకం సూసుకుంట సొంతంగ జోడించుకున్నడు. జోడించినంక ఆరు బోల్టులు మిగిలినయట. వాటిని డబ్బాల పెట్టి కారుతోపాటే అమ్మి పోయిండు.

కారు ఏండ్లనాటిది, అందంగనే ఉన్నది. స్టీరింగ్‌తోనే బాధ. సగం సుట్టు తిప్పినంక గాని చక్రాలకు కబురందదు. అందినంక మళ్ల మాట వినవు.

ఆ కారుకు డ్రైవరు వీరస్వామి. ఇరవై ఏండ్ల సంది అదే పని. మొన్న వానకాలం ముందట బండి స్టార్ట్ చెయ్యనీకె ముందట హ్యాండిల్ పెట్టి తిప్పితే, అది ఎదురుకొట్టి కుడి మణికట్టు ఇరిగింది. ఎముక అతికింది గని పట్టు తిరిగి రాలే.

"వీరస్వామి మంచివాడేనయ్యా లాజరూ," అన్నడు జగ్గారావు. "కానీ ఈ స్టీరింగు పట్టాలంటే పహిల్వాన్ కావాలి. చెరుకు నరుకుడు మొదలయ్యేలోపు బాగుచెయ్యి. లేదంటే తుక్కుకి వేసేస్తా. బాగైతే గుంటూరు నుంచి మావాళ్ల డ్రైవర్ని రప్పిస్తా. వీరస్వామిని చేనుకి కావలి పెడతాలే."

వీరస్వామి కుడిచెయ్యి జేబుల పెట్టుకొని, ఎడమచేత్తోని అద్దం తుడుసుకుంట నిలవడ్డడు.

లాజరు స్టీరింగ్ పట్టి ఊపిండు. ఆయన మొకం పండుగ లెక్క ఎలిగింది. రెండు వేళ్లు సాలక రెండు చేతులు జాపి చూపించిండు.

"ఇంత లూజు నా జిందగిల సూడలే! ఈ స్టీరింగ్ పెట్టె తీసేస్త సార్. పండ్ల కడ్డీ పెడత."

"పళ్ల కడ్డీ ఏంటయ్యా?"

"కడ్డీకి రంపం లెక్క పండ్లుంటయి. స్టీరింగ్ కొసకు చిన్న పండ్ల చక్రం. అది తిరిగితే కడ్డీ జరుగుతది, కడ్డీ జరిగితే బండి తిరుగుతది. నడుమ సుట్టాలు, పెద్దమనుషులు ఎవ్వలుండరు."

నిజామాబాద్‌ల తుక్కు కొనే ఆత్మారాం కాడ పండ్ల కడ్డీ ఉన్న ఒక పాత హెరాల్డు కారు పడి ఉన్నదని లాజరుకు తెలుసు. పొద్దుగాల బస్సెక్కుకుంట, "శారమ్మా, పండ్లు తెస్త" అని పోయిండు.

లాజరు పండ్లు తెచ్చుడంటే మాటలా? శారమ్మ పొద్దెక్కకముందే గల్లీ మొత్తం చెప్పింది. పొద్దుమీకి ఆయన సంచి మోసుకొని దిగేసరికి ఇరుగుపొరుగు గంగవ్వ, రుక్మాబాయి అరుగు మీద కూసొని ఉన్నరు.

"బత్తాయిలా, అంగూరా?" అన్నది గంగవ్వ.

లాజరు సంచి కుమ్మరించిండు. నల్లగ, నూనె కారుకుంట ఇనుప కడ్డీ పడ్డది.

"లాజరూ," అన్నది రుక్మాబాయి, "గివి ఉడకబెట్టాల్నా, పచ్చియే తినాల్నా?"

లాజరు నవ్వలే. ఒక్కొక్క పన్ను వేలితోని తడిమి, "అన్ని లెక్కవెట్టిన. ఒక్కటి గూడ పుచ్చలే" అన్నడు.

నెలా పదిహేను రోజులు పని నడిచింది. కడ్డీ పావు అంగుళం ఎత్తయినా, గుంతల పడ్డప్పుడల్లా బండి తనంతల తనే తిరుగుతదట. అందుకని పెట్టుడు, దారం పట్టి సూసుడు, తీసుడు, మళ్ల పెట్టుడు. వీరస్వామి రోజూ వచ్చి కూసునేటోడు. రాంగనే లాజరు ఆయన కుడిచెయ్యి పట్టి ఊపేటోడు.

"ఆగయ్యా, అది బండిది కాదు, నాది!" అనేటోడు వీరస్వామి. షెడ్డంత నవ్వేది.

ఒక ఆదివారం చర్చి అయినంక బండి బయటికి తీసిండ్రు. గల్లీ గల్లీ అంత వచ్చింది. జగ్గారావు పక్క సీట్ల కూసున్నడు. లాజరు దర్జాగ స్టీరింగ్ కుడికి తిప్పిండు. బండి ఎడమకు పోయింది. గాభరపడి ఇంక కుడికి తిప్పిండు. బండి ఇంక ఎడమకు పోయి, రుక్మాబాయి ఎండబోసిన మిరపకాయల నడుమల నిలవడ్డది.

ఒక్కసారే గల్లీ మొత్తం తుమ్మింది.

"హాచ్చి! ఇదేంటయ్యా, కుడికి తిప్పితే ఎడమకెళ్తోంది!" అన్నడు జగ్గారావు.

"లూజు మాత్రం లేదు సార్," అన్నడు లాజరు కండ్లు తుడుసుకుంట. "తిప్పంగనే పోయింది."

సంగతేందంటే, హెరాల్డుల ఆ కడ్డీ చక్రాలకు ముందట ఉంటది. లాజరు ఎనుక పెట్టిండు. దాంతోని అంత ఉల్టా అయ్యింది.

"వచ్చే ఆదివారం ఆఖరు," అన్నడు జగ్గారావు. "గుంటూరు డ్రైవరుకి ఉత్తరం రాసేశాను. అప్పటికి బాగవ్వకపోతే బండి తుక్కే."

తెల్లారి, లారీలు బాగుచేసే ముసలి బాలన్న ఇంటికొచ్చిండు. గోడకు ఆనిచ్చిన పాత స్టీరింగ్ పెట్టెను అటిటు తిప్పి సూసిండు.

"శారమ్మా, గీ పెట్టెకు గీడ ఒక స్క్రూ ఉంటది. సగం సుట్టు బిగిస్తే లూజు పోతుండె. సిగరెట్ తాగినంత సేపు పని. మీ ఆయనకు ఏమైంది?"

శారమ్మకు నెత్తిన పిడుగు పడ్డట్టయింది. బాలన్న పోంగనే షెడ్డుకు పోయి బండి కిందికి వంగింది. అక్కడ లాజరు చక్రాలను తిప్పే ఇనుప చేతులు విప్పి, ఎడమది కుడికి, కుడిది ఎడమకు మారుస్తుండు. కడ్డీని ముందట పెట్టనీకె.

"ఏమయ్యా, ఆ స్క్రూ సంగతి నీకు తెల్వదా?"

"తెలుసు."

"తెలిసి, గల్లీల నా ఇజ్జత్ మిరపకాయల పాలు చేసినవా?"

లాజరు బండి కిందికెంచి బయటికి రాలే. అక్కడినుంచే మెల్లగ అన్నడు.

"స్క్రూ బిగిస్తే లూజు పోతది శారమ్మా. గని స్టీరింగ్ బండరాయి అయితది. రెండు చేతుల బలం కావాలె. ఈ కడ్డీ అయితే వేళ్లతోనే తిరుగుతది."

"నీకు రెండు చేతులు లెవ్వా?"

లాజరు ఇంకో బోల్టు విప్పిండు. శారమ్మకు వీరస్వామి చెయ్యి యాదికొచ్చింది. బండి నడిపేది లాజరు కాదు గదా.

"అందుకేనా, రోజూ ఆయన చెయ్యి పట్టి ఊపేది?"

"ఆ చేతిల ఎంత పట్టున్నదో ఎరుకైతే గద, స్టీరింగ్ ఎంత అల్కగ ఉండాల్నో తెలిసేది. నువ్వు ఎవ్వలకు చెప్పకు. జాలిపడి చేసిన్నని తెలిస్తే వీరస్వామి ఆ బండిని ముట్టడు. ఇరవై ఏండ్ల డ్రైవరు."

శారమ్మ అక్కడనే నేల మీద కూసున్నది. తర్వాత చెయ్యి జాపి, ఆయన అడగకముందే పానా అందించింది.

ఆదివారం మళ్ల గల్లీ అంత వచ్చింది, ఈసారి ముక్కులకు గుడ్డలు కట్టుకొని. లాజరు స్టీరింగ్ కాడికి పోయి, ఉన్నట్టుండి కండ్లు నలుసుకున్నడు.

"సార్, మిరపకాయల మంట ఇంక తగ్గలే. తొవ్వ సరిగ కనవడ్తలేదు. వీరస్వామి, నువ్వు గిట్ల కోటగిరి దాక తీస్కపో."

"వాడి చెయ్యి..." అన్నడు జగ్గారావు.

"ఒక్కసారే సార్."

ఎనుక సీట్ల లాజరు, శారమ్మ. కాలువ గట్టు ఎంబడి బండి పోయింది. ముందుగాల నరికినోళ్ల చెరుకు బండ్లు ఎదురొస్తున్నయి. కాలువ దాటే ఇరుకు మోరి మీద ఒక ఎడ్లబండి అడ్డం తిరిగింది. శారమ్మ కండ్లు గట్టిగ మూసుకున్నది. తెరిచేసరికి మోరి ఎనుక ఉన్నది, ఎడ్లు పాణంతోని ఉన్నయి, వీరస్వామి కుడిచెయ్యి జేబుల లేదు. స్టీరింగ్ మీద ఉన్నది, నాలుగు వేళ్లు ఆనిచ్చి.

జగ్గారావు ఎనుకకు తిరిగి మోరిని సూసిండు, మళ్ల ఆ చేతిని సూసిండు. కోటగిరి వచ్చినంక అన్నడు.

"వీరస్వామీ, ముందు పోస్టుమాస్టరు ఇంటి దగ్గర ఆపు. గుంటూరుకి టెలిగ్రాం ఇవ్వాలి. రావద్దని."

వీరస్వామి "అట్లనే సార్" అని, కుడికి తిప్పిండు. బండి కుడికే పోయింది.

తెల్లారి బోరింగ్ కాడ ఆడోళ్లంత కూడిండ్రు. వీరస్వామి భార్య జ్ఞానమ్మ గూడ ఉన్నది.

"ఏమే శారమ్మా," అన్నది రుక్మాబాయి, "బాలన్న చెప్పిండు. ఒక్క స్క్రూ తిప్పితే పోయేదానికి మీ ఆయన నెలన్నర కిందమీద పడ్డడట? నా మిరపకాయలు ఊకెనే పాయె!"

అందరు శారమ్మ దిక్కు సూసిండ్రు. జ్ఞానమ్మ గూడ సూసింది.

"ఏం చెప్పాలె అక్కా," అన్నది శారమ్మ నొసలు కొట్టుకుంట. "ఆ పెట్టెకు స్క్రూ ఉంటదనే మా ఆయనకు తెల్వదట!"

నవ్వులే నవ్వులు. జ్ఞానమ్మ బిందె దించి మరీ నవ్వింది.

"ఏమనుకోకు గని వదినె, మా ఆయన నడిపిండు కాబట్టి మీ ఆయన బతికిపోయిండు."

"అవ్ వదినె," అన్నది శారమ్మ, అందరికంటె గట్టిగ నవ్వుకుంట. "లేకుంటె మా ఆయన పని ఎవ్వలకు పనికొచ్చేది?"